నాగరికురాలైన బురద

2023 ఫిబ్రవరి 1వ తేదీ, బుధవారమున, ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు లోకసభలో బడ్జెటు ప్రసంగము చదువుచు, సముద్రతీరము పొడవునను, ఉప్పుమడులయందును, వీలున్న చోట్లనెల్ల మడచెట్లు నాటింతుమనియు, ఆ ఘనకార్యమునకు ‘మిష్టి’ యని నామకరణము గావించితిమనియు సెలవిచ్చిన సంగతి పాఠకమహాశయులెల్లరు నెరిగినదే. ఆరు ఇంగ్లీషు మాటల శిరస్సులు ఖండించి దండ గ్రుచ్చగా నేర్పడిన యీ పేరునకు వంగభాషలో తీపి యని యర్థమట. ఒకవంక కాకినాడ కాజాకును, మరొకవంక ఆత్రేయపురపు పూతరేకునకును నడుమ పుట్టి పెరిగిన యానాము వారికి, మా గట్టుననే మొలచు మడచెట్టు పేరు చెప్పి ఎక్కడి వంగదేశపు మిఠాయినో చూపించుటలో గల యౌచిత్యము నాకు సులభముగా బోధపడలేదు గాని, తీపి తీపియే గదా యని తొలుత సంతోషించితిని.

ఆ సంతోషము తరువాతి వాక్యమువరకే నిలిచినది. ఈ తీపికి వలయు చక్కెర ఎచ్చటినుండి వచ్చుననగా, ఉపాధి హామీ పథకము నుండియు, కాంపా నిధి నుండియు, ‘ఇతర వనరుల’ నుండియు సంగమించి వచ్చునట. సంగమము! నదీతీరమున బ్రతుకువాని కీ మాట యెంత యింపుగా వినబడునో చెప్పనలవి గాదు. కాని మా యూరి చెంత జరుగునది సంగమము గాదు, చీలిక. గౌతమీ గోదావరి నుండి కోరంగి యేరు విడిపోయి తన దారిని తాను పోవుట ఇచ్చటనే. ప్రభుత్వ నిధులును ఇంచుమించుగా ఈ కోరంగి యేటి త్రోవనే నడచునని అరువదియేండ్లుగా చూచుచున్నవాడను గనుక, పొయ్యికి మూడు రాళ్లు చూపించి కుండ మాట ఎత్తని యీ వంటను గూర్చి ఆ రాత్రి నాకు కొంత యనుమానము కలిగినది.

మరునాడు గురువారము, ప్రపంచ చిత్తడినేలల దినము. 1971లో ఇరాను దేశపు రామ్‌సర్ పట్టణమున నేదో యొడంబడిక జరిగిన రోజట. ఆ సాయంకాలము నేను వసారాలో పడకకుర్చీ వేసికొని పత్రిక తిరుగవేయుచుండగా, గుమ్మము దగ్గర చప్పగా, ఉప్పగా, మురిగిన ఆకు వాసన వేసినది. తలయెత్తి చూతును గదా, మా యానాములోని దరియాలతిప్ప బురద తానే స్వయముగా వచ్చి మెట్టు దిగువ నిలువబడి యున్నది. ఒడలెల్ల పీతబొరియలు, నెత్తిన, చెక్కిన పలకపుల్లలవలె నిటారుగా నిలిచిన మడచెట్టు ఊపిరివేళ్లు, చంకన నొక నత్తగుల్ల.

“ఆయ్, నేనండీ. దరియాలతిప్ప బురదనండీ. తమరు అర్జీలు బాగా రాత్తారని చెప్పేరండీ.”

ఆ మాట నిజమే. మా తండ్రిగారు ఫ్రెంచి దొరల కచేరీ వసారాలో కూర్చుండి జనులకు అర్జీలు వ్రాసిపెట్టి కుటుంబమును పోషించిరి. ఆయననుండి నాకు సంక్రమించిన యాస్తి యొక కలమును, కొంత చాదస్తమును మాత్రమే.

“కూర్చో తల్లీ,” అంటిని.

“కూర్చుంటే లేవలేనండీ. మళ్లీ పోటొచ్చే యేళకి ఎల్లిపోవాలండీ. మాకేదో మిఠాయి పంచుతున్నారంట గదండీ? అందరికంటే ముందు మేమే అడగాలి గదండీ మరి.”

ఇంతకంటె న్యాయమైన కోరిక నా యెఱుకలో మరియొకటి లేదు. అటవీ సర్వే వారు తమ 2021 నివేదికలో ఆంధ్రప్రదేశమునకు 405 చదరపు కిలోమీటర్ల మడయడవి లెక్కగట్టి, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంతటికిని 2 చదరపు కిలోమీటర్లు మాత్రమే చూపిరి. ఆ రెంటిలోను సింహభాగము మా యానామునకు చెందినదే. ప్రక్కింటివానికి పుట్లకొలది ధాన్యముండగా మనకు దోసెడున్నప్పుడు, ఆ దోసెడు జాగ్రత్తపరచుకొనుటకు నాలుగు రూకలు కావలెనని అడుగుటలో తప్పేమి? కాగితము తీసి, కలము విదిలించి, శ్రీయుత మొదలు పెట్టితిని.

పేరు: బురద. తల్లి పేరు: గోదావరి. వృత్తి: తీరరక్షణ, మత్స్యసంతతి పోషణ. ఇంతవరకు కలము సాఫీగా నడచినది. తరువాత ‘గ్రామము’ అను గడి వచ్చినది. అచ్చట ఆగిపోతిని.

ఏలనగా, ఆ మూడు రాళ్లలో మొదటిది, పెద్దది, ఉపాధి హామీ పథకము. దాని పూర్తి పేరుననే ‘గ్రామీణ’ యను మాట కలదు. యానామున గ్రామము లేదు. పరిహాసమున కనుట లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము యానాము జనసంఖ్య 55,626, అందు పట్టణ జనసంఖ్య 55,626, గ్రామీణ జనసంఖ్య సున్న. 1880లో ఫ్రెంచివారు తమ వలస పట్టణములతోబాటు దీనిని గూడ కమ్యూనుగా నొనర్చి పురపాలకసంఘము నిచ్చి పోయిరి. నాటినుండి నేటివరకు, కనకాలపేట మొదలు దరియాలతిప్ప చివరి తాటిచెట్టు వరకు, ఇచ్చటి ముప్పది చదరపు కిలోమీటర్లును పట్టణమే. నూటికి నూరుపాళ్లు పట్టణమైన జిల్లాలో ఉపాధి హామీ చట్టము వర్తించెడిది కాదు. కావున కాగితముల ప్రకారము నా గుమ్మమున నిలిచి నీరు కార్చుచున్న యీ మూర్తి పల్లెటూరి బురద గాదు, శుద్ధ నాగరికురాలు.

ఈ సంగతి మెల్లగా విన్నవించితిని.

“నేనా అండీ? పట్నందాన్నా?” అని యామె తన యొడలు తాను చూచుకొన్నది.

“సందేహము లేదమ్మా. నీవు నగరవాసినివి. నీ ఒడిలోని మండపీతలు పురజనులు.”

మొదట ఆమెకు సిగ్గు వేసినది. తరువాత, ఎవరికైనను పట్టణవాసమన్న కలుగు చిన్న గర్వము కలిగినది. అటుపిమ్మట మేమిద్దరము కలిసి యా విషయమును విచారింపగా, జనాభా లెక్కలవారు పొరబడలేదేమో యని నాకే తోచినది. పీతలలో ప్రతిదానికిని సొంత యిల్లును, ఆ యింటికి నొక ద్వారమును కలవు. ప్రక్కయింటి పీత చచ్చినను రెండవది తొంగిచూడదు. ఇది పట్టణ లక్షణమే. రోజునకు రెండు పర్యాయములు నీరు వచ్చును. మా వీధి కుళాయికంటె క్రమము తప్పక వచ్చునని గూడ ఒప్పుకొనవలెను. ఊపిరివేళ్లు మేడలమీది టీవీ కడ్డీలవలె వేలకొలది నిలిచియున్నవి. రాత్రులయందు బావురుపిల్లి గూర్ఖావలె గస్తీ తిరుగును, తిరుగుటకు ప్రతిఫలముగా ప్రతి యింటనుండియు కొంత రాబట్టుకొనును. గ్రుడ్లు మిటకరించి బురదపై గెంతు చేప యొకటి కలదు. అది నీటిలోను నుండగలదు, గట్టునను నుండగలదు, ప్రమాదము వచ్చినప్పుడు ఏ వంక లాభమో ఆ వంకకు దుముకగలదు. పురపాలకసంఘపు ఎన్నికలు జరిగినచో దానికి పోటీ యుండదు. తిల్లచెట్టు మాత్రము కొంచెము మొరటు మనిషి. కొమ్మ విరిచినవాని కంట పాలు చిమ్మి మంటపుట్టించును. ప్రతి పట్టణమునను అట్టి పాత కాపు ఒకడుండుట మంచిదే.

“ఇంత పట్నమైతే మాకు మురుక్కాలవ లేదేటండీ?” అని బురద అడిగినది.

“నీవే మా మురుగుకాలువవు గదా తల్లీ,” అనబోయి, మర్యాద కాదని యూరకుంటిని.

అయినను అర్జీ వ్రాయువాడు దారి చూపవలెను. నాకొక యుపాయము తోచినది. 1929లో శారదాచట్టము వచ్చి బ్రిటిషు సీమలో బాల్యవివాహములు నేరమైనప్పుడు, చుట్టుపట్ల గ్రామములనుండి పిల్లలను బండ్లలో వేసికొని, మేళతాళములతో సరిహద్దు దాటి మా యానామునకు వచ్చి, ఫ్రెంచి పతాకచ్ఛాయలో మూడుముళ్లు వేయించుకొని పోయెడివారు. ఆ పెండ్లిబండ్ల బారులు తాము కన్నులార చూచినట్లు మా తండ్రిగారు చెప్పెడివారు. చట్టము అక్కడ అడ్డమైనచో ఇక్కడికి వచ్చుట నాటి ఆచారము. ఇక్కడ అడ్డమైనచో అక్కడికి పోరాదా? గౌతమి దాటిన ఎదుర్లంక. కోరంగి యేరు దాటిన తాళ్లరేవు మండలము. ఆ గట్టున పడిన బురద తత్క్షణమే గ్రామీణురాలగును. 2022-23లో ఆంధ్రదేశమున ఆ పథకమునకు రోజుకూలి 257 రూపాయలు గూడ నుండెను.

ఇది వినగానే ఆమె మొగము వికసించినది. “అదేం బాగ్గెం లెండి, రోజూ ఎల్తానే ఉంటానండీ. పోటుతో అటెల్లి, ఆటుతో ఇటొచ్చేత్తానండీ.”

దీనితో చిక్కు మరింత ముదిరినది. అటుపోయి ఇటువచ్చు బురద సగము దినము పల్లెటూరిది, సగము దినము పట్టణముది. సగము దినమునకు నూటయిరువది యెనిమిదిన్నర రూపాయలు వ్రాయవలెనా? అదియునుగాక, 2023 జనవరి 1వ తేదీనుండి ఉపాధి పనులయందు కూలీల హాజరును రోజునకు రెండుమార్లు ఫోటో తీసి, తీసిన స్థలముతో సహా ఫోనునుండి పంపవలెనని కేంద్రమువారు కట్టడి చేసియుండిరి. రోజునకు రెండుమార్లు! చంద్రుడును అదే నియమమును పెట్టియున్నాడు. ఉదయము ఎదుర్లంక గట్టున నగుమొగముతో ఫోటో దిగిన గ్రామీణ బురద, మధ్యాహ్నపు ఫోటో వేళకు ఆటు తీసి, మేటుగారు చూచుచుండగనే సరిహద్దు దాటి నాగరికురాలై పోవును. ఆ దినము మస్టరులో ఆమె పేరున గైర్హాజరు పడును. సిగ్నలు లేదని మొఱపెట్టుకొన్న మనుష్యులకే దిక్కు లేనప్పుడు, సముద్రుడు పిలిచినాడని చెప్పిన వినువారెవరు?

పోనీ, ఎట్లో పల్లెటూరి బురదయే అయినదనుకొందము. అయి బావుకొనునదేమి? 2022-23లో ఉపాధి హామీకి సవరించిన యంచనాల ప్రకారము 89,400 కోట్లు వ్యయమగుననిరి. ఏ ప్రసంగమున మిష్టి కీ పథకమునుండి డబ్బు తెత్తుమనిరో, ఆ ప్రసంగముతోబాటు పంచిన పుస్తకములలోనే 2023-24 సంవత్సరమునకు దానికి 60,000 కోట్లు మాత్రమే వ్రాసిరి. ఇంటిలో బియ్యము మూడవ వంతు తగ్గించి, అందులోనుండియే అతిథికి పరమాన్నము వండుమన్న ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు.

“మరి రెండో రాయి, అదేదో కాంపా అన్నారు గదండీ?” అని బురద గుర్తుచేసినది.

దానిని గూర్చి చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఎవరైనను గనికో, రోడ్డునకో అడవిని నరికినప్పుడు దానికి బదులుగా కట్టు పరిహారపు సొమ్ము అది. 2016లో అందుకై చట్టము గూడ చేసిరి. అనగా ఎక్కడనో నొక అడవి చచ్చిన, దాని దినకర్మల నాడు వడ్డించు గారెలు. నీకు తీపి కావలెనన్న ముందు మీ బంధువులలో నెవరో పోవలెను తల్లీ, అని ఏ ముఖముతో చెప్పుదును?

మిష్టి సంగతి విడిచి, ఆ దినము ఎట్లును చిత్తడినేలల పండుగ గదా, ఆ తలుపైనను తట్టుదమని, కేంద్రమువారు 2017లో చేసిన చిత్తడినేలల నియమావళిని తెరచితిని. ఎంత చక్కని నిర్వచనము! సహజమైనదైనను కృత్రిమమైనదైనను, నిలకడ నీరైనను పారుడు నీరైనను, మంచినీరైనను ఉప్పునీరైనను, ఆటువేళ ఆరు మీటర్లకు మించని లోతుగల సముద్రజలమైనను సరే చిత్తడినేలయేనట. బురద ఆనందముతో రెండడుగులు ముందుకు వచ్చినది. పుట త్రిప్పితిని. నదీమార్గములు కావట, వరిచేలు కావట, రొయ్యల చెరువులు, ఉప్పుమడులు, త్రాగునీటి చెరువులు కావట, తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన క్రిందికి వచ్చు ప్రదేశములకు ఈ నియమములే వర్తింపవట, వానిని ఆ ప్రకటనయే చూచుకొనునట. ఆ ప్రకటన చూచుకొనును, నిజమే. ఇచ్చట ఇల్లు కట్టరాదు, పూడ్పరాదు అని చెప్పును. కావలి యున్నది, కాని కావలివాడు అన్నము పెట్టడు.

“అయితే నేను తడిదాన్ని కాదాండీ?” అని, నమ్మలేక, తన చేయి తెచ్చి నా కాగితముపై నుంచినది. శ్రీయుత మొదలుకొని వృత్తి వరకు నేను వ్రాసిన యక్షరములన్నియు నలికి, నల్లని మరకయై బల్ల అంచునుండి నా పంచెపైకి కారినవి. తడి యని ఋజువు చేయుటకు ఇంతకంటె సాక్ష్య మెవ్వరు తేగలరో నాకు తెలియదు. ఆపైని ఆటు చివరకు వచ్చుచున్నదనియు, గౌతమి పిలుచుచున్నదనియు చెప్పి ఆమె వెడలిపోయినది. మెట్లమీద అడుగులజాడ ఈనాటికిని ఆరలేదు.

మూడవ రాయి మిగిలినది. ‘ఇతర వనరులు.’ దీనిని గూర్చి రెండు దినములుగా పరిహాసముగా నేదైన వ్రాయవలెనని ప్రయత్నించి, ఇక వ్రాయలేక యున్నాను.

ఏలనగా ఆ ఇతర వనరు లెవ్వరో మా యూరిలో ప్రతివారికిని తెలియును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణమున ఒడ్డెక్కి ఈ లంకల మీదుగా పోయినప్పుడు, వెయ్యిమందికి పైగా మనుష్యులు చచ్చిరి. భైరవపాలెము, బలుసుతిప్పల వైపు వలలతో వెళ్లినవారిలో ఇంటికి రానివారి లెక్క ఇప్పటికిని వాడవాడలను చెప్పుకొందురు. మడయడవి దట్టముగా నున్నచోట అలల యుద్ధృతి తగ్గినదని ప్రాణములతో మిగిలిన బెస్తలే చెప్పిరి. ఆ అల గట్టెక్కునప్పుడు, ఇది గ్రామమా, పట్టణమా, ఈ నేల ఆంధ్రదా, పుదుచ్చేరిదా యని ఎవరిని అడిగినది? 2022 జూలైలో, భద్రాచలము దగ్గర గోదావరి 71.3 అడుగులెత్తి, ధవళేశ్వరమునుండి ఇరువదియైదు లక్షల క్యూసెక్కులకు మించిన నీటిని క్రిందికి వదలినప్పుడు, యానాము వీధులలో పడవలు తిరిగినవి. మా వీధి చివర నొక ముసలమ్మ మంచముపై మంచమువేసి, పైమంచమున బియ్యపు డబ్బాయు, రేషను కార్డును, మనుమని సర్టిఫికెట్లును పెట్టుకొని, క్రింది మంచమున తాను కూర్చుండి మూడు దినములు కాళ్లు నీటిలోనే యుంచి గడపినది. ఆమె పట్టణవాసినియే. ఆమెకును ఉపాధి హామీ లేదు. అప్పుడును ఎవరైనను వచ్చి ఆమె తడిసినదో లేదో ధ్రువపరచిరా?

ఇది చట్టములోని చిన్న పొరపాటు, క్రింది యధికారులు సర్దుకొందురు, అని నాకు చెప్పవలదు. ఒక పథకమునకు పేరు పెట్టునప్పుడు ఆరు మాటలు కుదిర్చి తీపి యర్థము వచ్చువరకు అక్షరములు అమర్చుటకు తీరికయున్న మహానుభావులకు, సముద్రతీరమున పట్టణముల క్రింద నమోదైన మడబురద గూడ నుండునేమో, ఆ బురదలో బ్రతుకు మనుష్యులకు గ్రామీణ పథకము చేరదేమో యని ఒక్క పూట విచారించుటకు తీరిక లేకపోయినది. డబ్బు ఇయ్యదలచనివాడు లేదని చెప్పవచ్చును. లేమి తప్పు గాదు. ఉన్నదని చెప్పి, ముగ్గురి యిండ్లకు పంపి, మొదటి యింట తలుపే లేదని తెలిసియు, మోచేతికి బెల్లము పూసి నాకుమనుట తప్పు. అది పేదవాని పట్ల చేసినప్పుడు మోసము. ఆ ఇంగ్లీషు పేరు చివర ‘చేతికి తగులు ఆదాయము’ అను నర్థముగల రెండు మాటలు గూడ నున్నవి. వానిని చదివినప్పుడే నాకు ఒళ్లు మండినది.

శుక్రవారము ఉదయము చేపలబజారుకు పోతిని. ఏటా పులస వచ్చినప్పుడు వేలకు వేలు పాట పాడు ఆ బజారులో ఈ కాలమున సందడి తక్కువ. ఒక మూల నొక దరియాలతిప్ప ఆడుమనిషి మండపీతల డెక్కలు నారతాడుతో కట్టుచున్నది. మోకాళ్లవరకు బురద ఎండి తెల్లబడినది. కుడిచేతి చూపుడువ్రేలు తుద మెలితిరిగియున్నది. ఎన్నడో పీత పట్టినదట. ఢిల్లీనుండి మీకు ఆదాయము వచ్చునట, చేతికి తగులునట, విన్నావా యని అడిగితిని.

ఆమె తాడు కొస పంటితో పట్టుకొని ముడి బిగించి, ఆ వ్రేలు నా వైపు చాచినది.

“తగిలిందండీ,” అన్నది. “కిలో ఎంతకిమ్మంటారు?”